రోడ్డు పక్కన, రైలు పట్టాల పక్కన ఇల్లు: చప్పుడు లోపలికి రాకుండా కట్టడం ఎలా?

ఒడిశాలోని మా బరంపురంలో కొత్తగా ఇల్లు కట్టేవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఒకటే: "గోడకి థర్మోకోల్ కొట్టిస్తే చప్పుడు ఆగుతుందా అండీ?" ఆగదు. కోడిగుడ్ల అట్టలు అంటించినా ఆగదు. బయటి చప్పుణ్ణి ఆపేవి రెండే: గోడకి బరువు ఉండాలి, ఎక్కడా సందు ఉండకూడదు. ఒక పక్క హౌరా–చెన్నై లైను, ఇంకో పక్క పదహారో నంబరు హైవే, పెళ్లిళ్ల సీజన్లో డీజే, రెండేళ్లకోసారి ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర. ఇన్ని ఉన్న ఊళ్లో ఇది కట్టే ముందే చూసుకోవాలి.

ప్లానులోనే సగం పని అయిపోతుంది. పడకగది వెనక్కి, మెట్లు, బాత్రూములు, స్టోరు రోడ్డు వైపుకి పెట్టించండి. వాస్తు అడ్డొస్తుందనుకుంటే సిద్ధాంతిగారితో పునాది తీయకముందే మాట్లాడుకోండి, స్లాబు వేశాక కాదు. స్థలం పట్టాలకి ఆనుకుని ఉంటే మాత్రం గూడ్సు వెళ్లినప్పుడల్లా నేలలోంచి అదురు వస్తుంది. దానికి ఏ కిటికీ మందు కాదు, వేరే స్థలం చూసుకోవడమే.

గోడకి తొమ్మిది అంగుళాల మట్టి ఇటుక గానీ ఫ్లైయాష్ ఇటుక గానీ వాడి, రెండు వైపులా ప్లాస్టరింగ్ చేయించండి. సుమారు 50 డెసిబెల్స్ (చప్పుణ్ణి కొలిచే లెక్క) వరకు ఆపుతుంది. ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలుండే తేలిక సిమెంటు బ్లాకులు) చవక, తేలిక, పని త్వరగా అవుతుంది అంటారు. ఆ తేలికే ఇక్కడ దాని లోపం. రోడ్డు వైపు గోడకి నేను ఏఏసీ పెట్టనివ్వను. మేస్త్రీ ఇటుకల మధ్య నిలువు సందుల్లో మాలు నింపుతున్నాడా, బీము కింద చివరి వరస బిగించాడా అని దగ్గరుండి చూడండి. పైన ప్లాస్టరు పడ్డాక అవేవీ కనబడవు.

తలుపుకి లోపల డొల్ల లేని గట్టి ఫ్లష్ డోరు, చుట్టూ రబ్బరు, కింద గడప. నున్నగా ఉంటుందని గడపలు తీసేయిస్తున్నారు, ఆ అంగుళం సందులోంచి హాల్లో టీవీ అంతా గదిలోకి వచ్చేస్తుంది.

ఇక కిటికీ. డబ్బంతా వృథా అయ్యేది ఇక్కడే. గోడలో నూటికి ఒక వంతు తెరిచి ఉన్నా ఆ గోడ మొత్తం కలిసి 20 డెసిబెల్స్‌కి మించి ఆపలేదు. వంద చదరపు అడుగుల గోడకి ఒక్క చదరపు అడుగు ఖాళీ చాలు. అందుకే స్లైడింగ్ వద్దు, రెక్క తెరుచుకుని రబ్బరు మీద బిగిసే రకమే పెట్టించండి. రెండు అద్దాల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన లామినేటెడ్ అద్దం అయితే మేలు. ఒకే మందం ఉన్న రెండు పల్చటి అద్దాలు, మధ్యలో కాస్త ఖాళీ పెట్టి "సౌండ్‌ప్రూఫ్" అని అమ్మేదానికి నేను డబ్బు పెట్టను, లారీ ఇంజన్ మోత అందులోంచి హాయిగా వస్తుంది.

అంత ఖరీదు కిటికీ తెచ్చాక ఫ్రేముకీ గోడకీ మధ్య సందుని సిమెంటుతో పూసేస్తారు. ఫ్రేము చేసే యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ ఎండకి సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది, సిమెంటు సాగదు. ఒక ఎండాకాలం గడిచేసరికి చుట్టూ వెంట్రుకంత పగులు. ఫ్రేము కన్నా రంధ్రం చుట్టూ పది మిల్లీమీటర్లు పెద్దగా ఉంచి, దాని అంచులు ముందే ప్లాస్టరు చేయించి పూర్తిగా ఆరనివ్వండి. తడి గోడ మీద తర్వాత వేసే సిలికాన్ అంటదు. ఫ్రేము స్క్రూలతో బిగించాక సందులో పీయూ ఫోమ్ (డబ్బాలోంచి కొట్టే నురగ) సగం వరకే కొట్టించండి, అది ఉబ్బుతుంది. నిండా కొడితే ఫ్రేము వంగి రెక్క బిగియదు.

ఫోమ్ గట్టిపడ్డాక సమంగా కోయించి, దుమ్ము బ్రష్‌తో దులిపించండి. అప్పుడు లోపలా బయటా సిలికాన్, అంటే ట్యూబులో వచ్చే రబ్బరులాంటి జిగురు. దాంట్లోనూ రకాలున్నాయి. ఘాటైన వెనిగర్ వాసన వచ్చేది సిమెంటుకి సరిగ్గా పట్టదు, కొన్నాళ్లకి తొక్కలా ఊడొస్తుంది. ట్యూబు మీద న్యూట్రల్ అని ఉన్నదే తెప్పించండి. చుట్టూ తెగకుండా గీత వేయించాలి. కుర్రాళ్లు పై అంచు వదిలేస్తారు, నిచ్చెన ఎక్కడం బద్ధకం. ఏసీ పైపు రంధ్రం, కేబుల్ రంధ్రం కూడా అదే సిలికాన్‌తో మూయించండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ రోడ్డు వైపు అసలే పెట్టొద్దు.

ఇంత బిగించాక గాలి సంగతి మరవకండి. స్ప్లిట్ ఏసీ కొత్త గాలి తేదు, ఉన్నదాన్నే చల్లబరుస్తుంది. పెరటి వైపు ఒక కిటికీ తెరిచే వీలు ఉంచుకోండి.

పని అయ్యాక రాత్రి గదిలో లైట్లు ఆర్పి, బయట ఒకర్ని టార్చితో ఫ్రేము చుట్టూ మెల్లగా తిప్పమనండి. ఎక్కడ వెలుతురు కనబడితే అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. తర్వాత అగరబత్తి పట్టుకుని రెక్కల అంచుల వెంట చూడండి, పొగ పక్కకి లాగుతుంటే రబ్బరు కూర్చోలేదన్నమాట. అవన్నీ సరిచేసేదాకా కిటికీలవాడికి ఆఖరి బాకీ ఇవ్వొద్దు.