డిస్క్‌పై భారం ఏ టేబుల్‌ది, ఏ యూజర్‌ది: నా అనుభవం

గుంటూరులో ఒక మిర్చి కమీషన్ వ్యాపారి కార్యాలయంలో నేను చూసుకునే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, యార్డుకు సరుకు ముమ్మరంగా వచ్చే మార్చి నెలలో మధ్యాహ్నానికల్లా మందగించేది. ప్రాసెసర్ ఖాళీగానే ఉన్నా, డిస్క్‌కు మాత్రం తీరిక ఉండేది కాదు. డిస్క్ వాడకాన్ని చూపే ఐఓటాప్ అనే పరికరం, ఏ ప్రాసెస్ ఎంత చదువుతోందో చూపుతుంది కానీ, ఏ టేబుల్ కోసమో చెప్పదు.

అందుకే పీజీ_స్టాటియో_యూజర్_టేబుల్స్ అనే వ్యూను (పోస్ట్‌గ్రెస్ తానే చూపే గణాంకాల పట్టికను) ఆశ్రయించాను. అందులో ఒక్కో టేబుల్ కోసం చదివిన బ్లాకుల (డేటా ముక్కల) అంకెలు పోగుపడుతూ వచ్చేవి కనుక, పావుగంట ఎడంతో రెండుసార్లు నకలు తీసి, తేడా లెక్కగట్టి, మామూలుగా 8 కిలోబైట్లుండే బ్లాకు పరిమాణంతో గుణించాను. తక్‌పట్టీల (రైతుకిచ్చే అమ్మకపు చీటీల) టేబుల్ మిగతా అన్నింటినీ మించిపోయింది. అయితే ఇక్కడ 'రీడ్' అంటే పోస్ట్‌గ్రెస్ సొంత బఫర్‌లో (మెమరీలో) దొరకని బ్లాకు అని మాత్రమే అర్థం. అది ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీలో దాచుకునే కాషే నుంచి కూడా వచ్చి ఉండవచ్చు.

యూజర్ల వారీ లెక్కకు పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ (ఏ యూజర్ క్వెరీ ఎంత చదివిందో నమోదు చేసే అదనపు భాగం) కావాలి. దానిని సర్వర్ మొదలయ్యేటప్పుడే లోడ్ చేయాల్సిన వాటి జాబితా అయిన షేర్డ్_ప్రీలోడ్_లైబ్రరీస్‌లో చేర్చి, రాత్రి సర్వర్‌ను పునఃప్రారంభించాను. అప్లికేషన్ అంతా ఒకే యూజర్ పేరుతో లాగిన్ అయితే ఈ లెక్క వృథా అని నా గట్టి అభిప్రాయం. అందుకే బిల్లింగ్‌కు, రిపోర్టులకు వేర్వేరు రోల్స్ (యూజర్ పేర్లు) ఇచ్చాను. మరునాడే రిపోర్టుల రోల్ బయటపడింది: రైతు కోడ్‌పై ఇండెక్స్ (త్వరగా వెతికేందుకు సూచిక) లేనందున, ప్రతి బాకీ వివరానికీ టేబుల్ మొత్తాన్ని చదువుతోంది. బిల్లింగ్ ఆగకుండా కాంకరెంట్లీ పద్ధతిలో ఇండెక్స్ కట్టాక, రీడ్‌లు బాగా తగ్గాయి.