చలికాలంలో ఇంట్లో సైకిల్ తొక్కడానికి ట్రైనర్‌ను ఎంచుకోవడం, వాడుకోవడం

షికాగో, మినియాపోలిస్, టొరంటో వంటి ఊళ్లలో స్థిరపడి, వేసవి పొడుగునా సైకిల్ తొక్కే అలవాటు చేసుకున్న తెలుగువారు నవంబరు వచ్చేసరికి ఏటా ఒకే ఇబ్బందిలో పడతారు. డిసెంబరులో షికాగోలో సాయంత్రం నాలుగున్నర కాకముందే పొద్దు గుంకుతుంది కాబట్టి, ఆఫీసు పని ముగిసేసరికి బయట చీకటి పడిపోయి ఉంటుంది. పగలు కరిగిన మంచు రాత్రికి మళ్లీ గడ్డకట్టి, తారు రంగులో కలిసిపోయి కంటికి ఆనదు. ఆ మంచును కరిగించడానికి చల్లే ఉప్పు సైకిల్ చైనునూ బోల్టులనూ తినేస్తుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవారికి చలికాలమే సైకిల్‌కు అనువైన కాలం గనుక ఈ బాధ తెలియదు. మంచు ప్రాంతంలో ఉన్నవారు మాత్రం నాలుగు నెలలు సైకిల్‌ను గోడకు ఆనించి వదిలేస్తే, వేసవిలో కూడబెట్టుకున్న దమ్ములో చాలా భాగం ఏప్రిల్ నాటికి పోతుంది.

సొంత సైకిల్‌నే ఇంట్లో కదలకుండా నిలబెట్టి తొక్కనిచ్చే ట్రైనర్ ఈ లోటును నిజంగానే తీరుస్తుంది. 2016 ఫిబ్రవరి చివర్లో ఆస్ట్రేలియా రేసర్ మాథ్యూ హేమన్ బెల్జియంలో జరిగిన పోటీలో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నారు. రోడ్డు ఎక్కే వీలు లేక గరాజులో ట్రైనర్ మీదే సాధన కొనసాగించి, అదే ఏడాది ఏప్రిల్ 10న ఫ్రాన్స్‌లో జరిగే పేరున్న సైకిల్ పోటీ పారిస్-రూబేను గెలిచారు. మనకు అంత పట్టుదల అవసరం లేకపోయినా, ఇంట్లో చేసిన సాధన రోడ్డు మీద పనికొస్తుందా అన్న అనుమానం మాత్రం అక్కర్లేదు.

కొనేటప్పుడు చాలామంది ముందు ధర చూస్తారు, తర్వాత పేరు చూస్తారు. నా అభిప్రాయంలో ముందు చూడవలసింది మీ ఇంటిని, ఆ తర్వాత మీ సైకిల్‌ను. మీరు ఉండేది అపార్టుమెంటు పై అంతస్తులోనా, బేస్‌మెంటు ఉన్న సొంత ఇంట్లోనా? ట్రైనర్‌ను ఒకే చోట శాశ్వతంగా ఉంచగలరా, ప్రతిసారీ తీసి అల్మరాలో పెట్టాలా? సైకిల్ వెనక చక్రం ఏ రకం ఇరుసుతో బిగించి ఉంది? ఈ మూడింటికి సమాధానాలు తెలిస్తే సగం ఎంపిక పూర్తయినట్లే.

ట్రైనర్లలో మూడు రకాలు

మొదటిది రోలర్స్. మూడు గొట్టాల మీద సైకిల్‌ను ఏ ఆధారమూ లేకుండా నిలబెట్టి తొక్కాలి. నిలకడ నేర్పడంలో దీనికి సాటి లేదు గాని, ఎప్పుడూ తొక్కనివారికి మొదటి ట్రైనర్‌గా దీన్ని సూచించను.

రెండోది వీల్-ఆన్ రకం. సైకిల్ వెనక చక్రాన్ని తీయనక్కర్లేదు. ఇరుసును రెండు వైపులా బిగించి, టైరుకు ఒక చిన్న రోలరును ఆనిస్తే, ఆ రోలరుకు అయస్కాంతమో ద్రవమో నిరోధాన్ని కల్పిస్తుంది. ఇది చవక, తేలిక, మడిచి దాచుకోవచ్చు. అయితే టైరు రోలరుకు రాసుకుంటూ తిరగడం వల్ల చప్పుడు ఎక్కువ, టైరు త్వరగా అరుగుతుంది. పెడల్ మీద పెట్టే శక్తిని వాట్లలో కొలిచే మోడళ్లలో కూడా ఆ కొలత టైరులోని గాలిని బట్టి, రోలరు బిగింపును బట్టి మారిపోతూ ఉంటుంది. ద్రవంతో పనిచేసేవి మొదటి పది నిమిషాలు ఒకలా, ద్రవం వేడెక్కాక మరొకలా అనిపిస్తాయి. వారానికి రెండు రోజులు, అరగంట చొప్పున తొక్కితే చాలనుకునేవారికి ఇది చాలు. మౌంటెన్ బైక్‌కు ఉండే గళ్ల టైరుతో మాత్రం దీన్ని వాడవద్దు. ఆ గళ్లు రోలరు మీద కొట్టుకునే చప్పుడును ఇంట్లో ఎవరూ భరించలేరు.

మూడోది డైరెక్ట్ డ్రైవ్. వెనక చక్రాన్ని తీసేసి, ట్రైనర్‌కే బిగించిన గేరు పళ్ల చక్రాల దొంతర, అంటే క్యాసెట్ మీద చైనును ఎక్కిస్తారు. టైరు లేనందువల్ల అరుగుదల లేదు, జారడం లేదు, చప్పుడు కూడా చాలా తక్కువ. చైను కదిలే సవ్వడి, పక్కన తిరిగే ఫ్యాను హోరు తప్ప పెద్దగా ఏమీ వినబడదు. శక్తి కొలతలో తేడా ఒకటి రెండు శాతానికి మించదని తయారీదారులు ప్రకటిస్తారు. లోపల తిరిగే బరువైన ఫ్లైవీల్ వల్ల పెడల్ తొక్కుడు రోడ్డు మీద ఉన్నట్లే నునుపుగా సాగుతుంది. వాహూ సంస్థ 2012లో కికర్ అనే మోడల్‌తో ఈ రకానికి ప్రచారం తెచ్చింది. ప్రస్తుతం టాక్స్, ఎలైట్, సారిస్ వంటి పేర్లతోనూ ఇవి కనిపిస్తాయి. టాక్స్ 2019 నుంచి గార్మిన్ చేతిలో ఉంది. వారానికి మూడు రోజులకు మించి తొక్కే ఉద్దేశం ఉంటే, పై అంతస్తులో కాపురముంటే, డబ్బు కాస్త ఎక్కువైనా ఈ రకమే కొనమని చెబుతాను. అయితే 15 నుంచి 20 కిలోల బరువుండే ఈ యంత్రాన్ని ప్రతిసారీ అల్మరాలోంచి తీసి బిగించుకునే ఓపిక ఎవరికీ ఎక్కువ రోజులు ఉండదు. శాశ్వతమైన చోటు లేని ఇంట్లో మంచి ట్రైనర్ కూడా జనవరి కల్లా మూలన పడుతుంది.

సైకిల్‌కు సరిపడేది

ఇక్కడే ఎక్కువమంది తప్పుడు వస్తువు కొని వెనక్కి పంపుతుంటారు, కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం. వెనక చక్రాన్ని తీసి ఇరుసును పరిశీలించండి. చేత్తో తిప్పే సన్నని పుల్ల, దానికో మీట ఉంటే అది క్విక్ రిలీజ్; రోడ్ బైక్‌కు 130 మిల్లీమీటర్ల వెడల్పు, డిస్క్ బ్రేకులున్న వాటికీ పాత మౌంటెన్ బైక్‌లకూ 135 మిల్లీమీటర్లు ఉంటుంది. ఫ్రేమ్‌లోకి మరలాగా బిగిసే 12 మిల్లీమీటర్ల లావు ఇరుసు ఉంటే అది థ్రూ యాక్సిల్. 142 లేదా 148 మిల్లీమీటర్ల వెడల్పుకు తగిన అడాప్టరు పెట్టెలో ఉందో లేదో చూసుకోవాలి. తర్వాత వెనక పళ్ల చక్రాలను లెక్కించండి; ఎన్ని ఉంటే అది అన్ని స్పీడుల సైకిల్. క్యాసెట్ ఎక్కే ఇరుసు భాగాన్ని ఫ్రీహబ్ అంటారు; షిమానో తరహా 11 స్పీడు ఫ్రీహబ్ మీద 8, 9, 10 స్పీడు క్యాసెట్లు కూడా ఎక్కుతాయి గాని, వెనక 1.85 మిల్లీమీటర్ల రింగు ఒకటి వేయాలి. షిమానో 12 స్పీడు రోడ్ క్యాసెట్ కూడా దాని మీదే కూర్చుంటుంది. శ్రామ్ 12 స్పీడు రోడ్ క్యాసెట్‌కు మాత్రం ఎక్స్‌డీఆర్ అనే వేరే ఫ్రీహబ్ కొనాలి. భార్యాభర్తలిద్దరూ వేర్వేరు స్పీడుల సైకిళ్లను ఒకే ట్రైనర్ మీద తొక్కాలనుకుంటే, ఇంట్లో సైకిల్ తొక్కేవారి కోసం యాప్ నడిపే జ్విఫ్ట్ సంస్థ 2023లో తెచ్చిన ఒంటి పళ్ల చక్రం మంచి ఉపాయం. గేరు మారినట్లు అనిపించేలా ట్రైనరే నిరోధాన్ని మారుస్తుంది. కార్బన్ ఫ్రేమ్ అయితే ట్రైనర్ మీద పెట్టడానికి తయారీదారు అనుమతిస్తున్నారో లేదో తప్పక చదవండి.

సెకండ్ హ్యాండ్‌లో కొనదలిస్తే అక్టోబరు, నవంబరు నెలల్లో కాకుండా ఏప్రిల్, మే నెలల్లో వెతకండి. రోడ్లు బాగుపడగానే వీటిని వదిలించుకునేవారు ఎక్కువ. అమ్మేవారి ఇంట్లోనే మీ సైకిల్ బిగించి ఐదు నిమిషాలు తొక్కి, లోపల గరగర శబ్దం ఉందేమో వినండి, ఫోనుకు కనెక్ట్ చేసి నిరోధం మారుతోందో చూడండి, అసలు పవర్ అడాప్టరు ఇస్తున్నారో లేదో అడగండి.

గది ఏర్పాటు

ట్రైనర్ కన్నా ముందు ఫ్యాను కొనమంటే వింతగా అనిపించవచ్చు. మనిషి శరీరం ఖర్చు చేసే శక్తిలో నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే పెడల్‌కు చేరుతుంది, మిగతాదంతా వేడిగా మారుతుంది. తెర మీద 150 వాట్లు కనిపిస్తున్నాయంటే శరీరం దాదాపు 450 నుంచి 600 వాట్ల వేడిని వదులుతోందన్నమాట. చిన్న రూమ్ హీటరును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నట్లే. రోడ్డు మీద ఎదురుగాలి ఆ వేడిని తీసుకుపోతుంది, గదిలో తీసుకుపోయేది ఫ్యాను ఒక్కటే. ఫ్యాను లేకుండా తొక్కి, అరగంటకే గుండె దడదడలాడి, ట్రైనర్ మీద కష్టం ఎక్కువని తీర్మానించుకునేవారిని చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది. నేల మీద నిలబడి ఛాతీకి తగిలేలా గాలి కొట్టే పెద్ద ఫ్యానును, ఎక్కిన మొదటి ఐదు నిమిషాలు చలిగా అనిపించినా సరే, ముందే ఆన్ చేసి ఉంచండి. హీటింగ్ లేని బేస్‌మెంటు, గరాజు ఈ పనికి అన్నిటికన్నా అనువైన చోట్లు.

చెమట విషయం ఇంకా తీవ్రమైనది. నుదుటి మీద చెమట సరిగ్గా హ్యాండిల్ బిగించిన బోల్టుల మీద పడుతుంది. అక్కడి నుంచి ఫ్రేమ్ పై గొట్టం మీదుగా జారి, హ్యాండిల్‌కు చుట్టిన టేపు కిందికి చేరుతుంది. నీరు ఆరిపోయి ఉప్పు మిగులుతుంది. వసంతంలో టేపు విప్పితే అల్యూమినియం మీద తెల్లని పొడి, గుంటలు కనిపించడం సాధారణమే, బాగా తిన్న హ్యాండిల్ రోడ్డు మీద విరిగే ప్రమాదమూ ఉంది. అందుకే హ్యాండిల్ మీద ఒక తువ్వాలు, సీటు నుంచి హ్యాండిల్ దాకా ఒక చెమట వల వేసి, తొక్కడం అయిన వెంటనే తడిగుడ్డతో సైకిల్ తుడవండి.

కింద మందమైన రబ్బరు చాప తప్పనిసరి. చెక్క నేలల అపార్టుమెంట్లలో కింది అంతస్తువారిని ఇబ్బంది పెట్టేది గాలిలో వినబడే చప్పుడు కాదు, నేల గుండా దిగే అదురు. చాప కింద మరో పొర మెత్తటి రబ్బరు పలకలు పరిస్తే ఆ అదురు బాగా తగ్గుతుంది. ఇంట్లో చిన్న పిల్లలుంటే ఒక మాట గట్టిగా చెప్పాలి: తిరుగుతున్న ఫ్లైవీల్, చైను, చక్రపు పుల్లలు చిన్న వేళ్లను క్షణంలో లాక్కుంటాయి. మీరు తొక్కుతున్నంతసేపు తలుపు వేసి ఉండాలి, దిగాక కూడా ఫ్లైవీల్ పూర్తిగా ఆగేవరకు పక్కనే ఉండాలి.

బిగించి తొక్కడం

డైరెక్ట్ డ్రైవ్‌కు సైకిల్ బిగించే ముందు చైనును అన్నిటికన్నా చిన్న పళ్ల చక్రం మీదికి మార్చి, అప్పుడు వెనక చక్రం తీయండి. గేర్లు మార్చేటప్పుడు చైనును పక్కకు జరిపే డీరైలర్‌ను ఒక చేత్తో వెనక్కి లాగి పట్టుకుని, చైనును ట్రైనర్ క్యాసెట్‌లోని చిన్న చక్రం మీద వేసి, ఫ్రేమ్‌ను నెమ్మదిగా దించితే ఇరుసు తన చోట కూర్చుంటుంది. బిగించాక పెడల్‌ను చేత్తో తిప్పుతూ అన్ని గేర్లూ మార్చి చూడండి. ఏ గేరులోనైనా టిక్కుటిక్కుమంటుంటే డీరైలర్ వైరు చివరనున్న మరను పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఆ శబ్దం ఆగేవరకు సరిచేయండి. వీల్-ఆన్ వాడేవారు టైరు పక్కన రాసిన గరిష్ఠ పరిమితి దాటకుండా ప్రతిసారీ ఒకే స్థాయిలో గాలి కొట్టి, రోలరును ప్రతిసారీ ఒకేలా బిగించి, ముందు చక్రం కింద దిమ్మ పెట్టి సైకిల్‌ను సమంగా ఉంచాలి. శక్తి కొలతను సరిచూసే కాలిబ్రేషన్‌ను పది నిమిషాలు తొక్కి వేడెక్కిన తర్వాతే చేయండి.

సాధనకు కొలమానం ఎఫ్‌టీపీ, అంటే సుమారు గంటసేపు నిలుపుకోగల గరిష్ఠ శక్తి. బాగా వేడెక్కాక 20 నిమిషాలు శక్తి కొద్దీ తొక్కి, ఆ సగటును 0.95తో గుణిస్తే అది వస్తుంది. సగటు 200 వాట్లయితే ఎఫ్‌టీపీ 190. దీని ఆధారంగా ముప్పావు గంటలో మంచి సాధన చేయవచ్చు: పది నిమిషాలు తేలిగ్గా, తర్వాత ఎఫ్‌టీపీలో 88 నుంచి 94 శాతం మధ్య ఎనిమిదేసి నిమిషాలు మూడు సార్లు, ప్రతి రెంటి మధ్య మూడు నిమిషాల విరామం, చివర ఐదు నిమిషాలు నెమ్మదిగా. శక్తి కొలత లేని ట్రైనర్ అయితే ఊపిరినే కొలతగా పెట్టుకోండి. పూర్తి వాక్యం మాట్లాడలేక రెండు మూడు మాటలకే ఆగవలసి వస్తే ఆ స్థాయిలో ఉన్నట్లు లెక్క. వారానికి ఇలాంటివి రెండు, మాట్లాడుతూ తొక్కగలిగే తేలికైన గంట ఒకటి ఉంటే చలికాలానికి సరిపోతుంది.

యాప్‌తో కలిసి నిరోధాన్ని తామే మార్చుకునే స్మార్ట్ ట్రైనర్లలో ఎర్గ్ మోడ్ ఉంటుంది. చెప్పిన వాట్లను అది పట్టి ఉంచుతుంది. పెడల్ వేగం తగ్గితే నిరోధాన్ని పెంచుతుంది, దానితో కాళ్లు ఇంకా నెమ్మదించి చివరికి ఆగిపోతాయి. అలసట వచ్చినప్పుడు గేరు మార్చకుండా, పెడల్ వేగాన్ని నిమిషానికి 85 చుట్ల దాకా పెంచండి. అప్పటికీ వీలు కాకపోతే ఎర్గ్ మోడ్‌ను ఆపి, కుదురుకున్నాక మళ్లీ పెట్టుకోండి. యాప్‌ల విషయానికి వస్తే, జ్విఫ్ట్ 2024లో నెల చందాను 19.99 డాలర్లకు పెంచింది, మైవూష్ ఉచితం. ఏది వాడినా పర్వాలేదు.

సైకిల్ పక్కకు ఊగదు కాబట్టి బరువంతా సీటు మీదే పడుతుంది. పది నిమిషాలకోసారి పెడల్ మీద లేచి నిలబడండి. తొక్కే ముందు, తర్వాత బరువు చూసుకుంటే తగ్గిన ప్రతి కిలో దాదాపు ఒక లీటరు నీటితో సమానం. గంటకు ముప్పావు లీటరు నీళ్లు పక్కన ఉంచుకుని, ముగిశాక ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ తాగితే పోయిన ఉప్పులో కొంత తిరిగి వస్తుంది.

మంచు పోయి రోడ్డు ఎక్కే రోజు ముందు హ్యాండిల్ టేపు విప్పి లోపల తుప్పు ఉందేమో చూసి, బోల్టులన్నీ సరిచూసి, చైను అరుగుదలను కొలిచి, బ్రేకులు పరీక్షించండి. వీల్-ఆన్‌కు ప్రత్యేకమైన ట్రైనర్ టైరు వేసి ఉంటే దాన్ని తీసి మామూలు టైరు వేసుకోకుండా గేటు దాటవద్దు. ట్రైనర్ టైరు గట్టి రబ్బరుతో చేసినది కాబట్టి తడి రోడ్డు మలుపులో పట్టు చాలదు.