టీవీలో తీరం దాటే టైం కాదు, మన పంటు ఆగే టైం చూసుకోండి

అక్టోబర్ దగ్గరికొచ్చేసింది, ఇంకో పదిరోజుల్లో వాట్సాప్ గ్రూపుల్లో ఆ రంగురంగుల తుఫాను గాలి మ్యాపులు తిరగడం మొదలవుద్ది. మాది ఎదురుమొండి దీవి, కృష్ణా జిల్లా దివిసీమ చివర. నాగాయలంక దాటి ఏటిమొగ రేవులో పంటు (మనుషుల్ని, బళ్ళని ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కితే గానీ మా ఊరు రాదు. నేను ఉద్యోగానికి విజయవాడలో ఉంటాను గానీ అమ్మానాన్న, మామ్మ అక్కడే. నాచుగుంట, ఈలచెట్లదిబ్బ వాళ్ళకీ, నీళ్ళు దాటితే గానీ రోడ్డు ఎక్కలేని ఊళ్ళన్నిటికీ ఇదే కథ కాబట్టి మావాళ్ళకి ఫోన్లో ఏటా చెప్పేదే ఈసారి రాసి పెడుతున్నా.

ముందు అసలు సంగతి. టీవీలో "రేపు రాత్రి తీరం దాటుతుంది" అంటారు, మనవాళ్ళు అది విని సరే రేపు సాయంత్రం దాకా టైం ఉందిలే అనుకుంటారు. రోడ్డు ఉన్న ఊరికి ఆ లెక్క సరిపోద్దేమో, దీవి మీద ఉన్నోళ్ళకి సరిపోదు. తుఫాను ఇంకా సముద్రంలో ఉండగానే గాలి జోరందుకుంటుంది, పాయలో కెరటం లేస్తుంది, పంటు ఆపేస్తారు, ఇక ఆ తర్వాత మీరు మనసు మార్చుకున్నా దాటించేవాడు ఉండడు. అందుకని తీరం దాటే టైం నుంచి కాకుండా పంటు ఆగే టైం నుంచి వెనక్కి లెక్కేసుకోండి.

వాతావరణ శాఖ వాళ్ళ రంగులు గుర్తుపెట్టుకుంటే చాలు. పసుపు అంటే మన తీరంలో వాతావరణం పాడవడానికి దాదాపు 48 గంటల ముందు, నారింజ 24 గంటల ముందు, ఎరుపు అంటే తీరం దాటడానికి 12 గంటల ముందు. ముసలోళ్ళు, నెలలు నిండిన ఆడవాళ్ళు, డయాలసిస్ చేయించుకునేవాళ్ళు, చంటిపిల్లల తల్లులు పసుపు రాగానే అవనిగడ్డ వైపు వచ్చేయాలి. మిగతావాళ్ళు నారింజ రాగానే. ఎరుపు వచ్చేసరికి ఊళ్ళో ఉన్నారంటే ఇక దాటే ఆలోచన మానేసి ఊళ్ళోని తుఫాను షెల్టర్‌కి పోవడమే, ఆ టైంలో చిన్న పడవేసుకుని పాయ దాటదామని చూడొద్దు. పోర్టులో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబర్ల సంగతి కూడా చెప్తా. మచిలీపట్నంలో 1, 2 అంటే తుఫాను ఎక్కడో దూరంగా ఉందని, 5, 6, 7 అంటే ప్రమాదం, 8, 9, 10 అంటే పెద్ద ప్రమాదం, 11 అంటే అసలు హెచ్చరికలిచ్చే కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని.

ఇంకోటి చాలామందికి తెలీదు, నాకూ ఈమధ్య దాకా తెలీదు. తుఫాను మనకి దక్షిణాన దాటుతుందా ఉత్తరాన దాటుతుందా అనేది చాలా ముఖ్యం. మన తీరంలో గాలి గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుద్ది కాబట్టి కేంద్రానికి ఉత్తరం వైపున్న ఊళ్ళమీదకి సముద్రం నుంచి నేల వైపు తోస్తుంది, దానితోపాటే నీళ్ళనీ తెస్తుంది. 1977 నవంబర్ 19న జరిగింది అదే, తుఫాను చీరాల వైపు దాటింది, ఉప్పెన దివిసీమని మింగేసింది. సుమారు 5 మీటర్ల ఎత్తు నీళ్ళు, ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు 10 వేల ప్రాణాలు. కాబట్టి "బాపట్ల దగ్గర దాటుతుందంట, మనకి కాదులే" అని ఎవరన్నా అంటే నమ్మొద్దు, బాపట్ల దగ్గర దాటితేనే మనం ఎక్కువ భయపడాలి. 2023 డిసెంబర్లో మిచాంగ్ అలాగే బాపట్ల దగ్గర దాటింది, 2025 అక్టోబర్లో మొంథా నరసాపురం వైపు పోయింది, రెండింటికీ మనం నిలబడ్డ పక్కే వేరు. అలాగని ఉత్తరాన దాటుతుందంటే హాయిగా పడుకోమని కాదు, దారి ఆఖర్లో మారుద్ది. వేసవిలో రాదులే అనీ అనుకోవద్దు, 1990 మే నెలలో వచ్చింది మన కృష్ణ ముఖద్వారం దగ్గరే దాటింది.

మా మామ్మ 77 ఉప్పెనలో బతికిన మనిషి. గేదెల పలుపులు విప్పమని అందరికంటే ముందు అరిచేది ఆవిడే. కట్టేసిన గొడ్డు కట్టుగొయ్య దగ్గరే చచ్చిపోద్ది, వదిలేస్తే ఈదుకుంటా ఎక్కడో మెరక పట్టుకుంటుంది అంటుంది. ఆ రాత్రి తాడు విప్పడానికి చీకట్లో ముడి దొరక్క, తడిసి బిగుసుకుపోయి, కత్తి కనపడక... అక్కడిదాకా చెప్పి ఆగిపోద్ది, ఇంక ముందుకి చెప్పదు. అందుకే మా కొట్టంలో ఇప్పటికీ గుంజకి ఓ కొడవలి దోపి ఉంటుంది, ఎవరూ తియ్యకూడదు. మీరూ ఆరోజు పగలుండగానే పలుపులు విప్పేయండి, వీలైతే ముందురోజే గొడ్లని కరకట్ట మీదకి తోలేయండి.

ఇప్పుడు మా ఇంట్లో జరిగింది చెప్తా, పరువు పోయినా పర్లేదు. మిచాంగ్ అప్పుడు నాన్న రొయ్యల చెరువు వదిలి రానన్నాడు. కరెంటు పోతే చెరువు నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతాయి, తెల్లారేసరికి రొయ్య మొత్తం చచ్చి తేలిపోద్ది, నిజమే, కాదనను. జనరేటర్‌కి డీజిల్ ఉంది, మనిషిని పెట్టాను, నువ్వు రా అన్నా వినలేదు, ఈలోగా పంటు ఆగింది. సరే షెల్టర్‌కన్నా పోండి అంటే అక్కడికెళ్ళేసరికి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో నలుగురికి ఫోన్ చేస్తే నలుగురు నాలుగు పేర్లు చెప్పారు, రెండు గంటలు వానలో మామ్మ బరకం కప్పుకుని అరుగు మీద కూర్చుంది. తెరిచాక చూస్తే ట్యాంకులో నీళ్ళు లేవు, మోటార్ వేద్దామంటే కరెంటు లేదు. అందుకని ఈ ఆదివారమే వెళ్ళి మీ ఊరి షెల్టర్ తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి, తలుపు తెరిచి చూడండి, ట్యాంకు, బాత్రూం, మెట్లు, పైకప్పు. లోపల సిమెంటు బస్తాలో గడ్డివాములో ఉంటే పంచాయతీకి చెప్పి ఖాళీ చేయించండి. ఆడవాళ్ళకి బాత్రూం లేకపోతే సగంమంది షెల్టర్‌కే రారు, పైకి చెప్పరు గానీ అసలు కారణం అదే.

చెరువులున్నవాళ్ళకి ఒక్క మాట, కౌంటు వచ్చిన, అంటే అమ్మే సైజుకి ఎదిగిన రొయ్య ఉంటే పసుపు హెచ్చరికకి ముందే పట్టేయండి, రేటు పది రూపాయలు తగ్గినా సరే. వాన మొదలైతే మేత తగ్గించండి. ఇక రాత్రిపూట టార్చ్ పట్టుకుని గట్టు మీద తిరగడం మాత్రం వద్దు.

నీళ్ళు. దీవి మీద చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క ఉండదు. ఉప్పునీరు ఒకసారి చెరువులోకి గానీ బావిలోకి గానీ వచ్చిందంటే వారాల తరబడి అంతే. మనిషికి రోజుకి 4 లీటర్ల లెక్కన కనీసం మూడు రోజులకి మూతబిగించే టిన్నుల్లో పట్టి ఎత్తున పెట్టండి, బకెట్లలో కాదు, బకెట్లో పడేది వానకంటే చెత్తే ఎక్కువ. తినడానికి అటుకులు, మరమరాలు, బెల్లం, వేరుశెనగ గుళ్ళు, పిల్లలకి బిస్కెట్లు. స్టవ్ వెలిగించే పరిస్థితి ఉంటుందనుకోవద్దు. షుగర్, బీపీ మాత్రలు పదిహేను రోజులవి తెచ్చిపెట్టుకోండి, ఇన్సులిన్ వాడేవాళ్ళు ఫ్రిజ్ ఆగిపోద్దని గుర్తుపెట్టుకుని కొత్త కుండలో తడిగుడ్డ చుట్టి పెట్టుకోవచ్చు, కాకపోతే ఇంజెక్షన్ సీసాకి నీళ్ళు తగలకుండా కవర్లో వేసి.

ఇల్లు రేకులదైతే పైనుంచి మోకు వేసి రెండు పక్కలా నేలలో పాతిన గూటాలకి బిగించండి, ఇటుకలు పెట్టి వదిలేస్తే ఆ ఇటుకే ఎగిరొచ్చి తగులుద్ది. కొబ్బరి మట్టలు, ఎండు గెలలు ముందే కొట్టించేయండి. గాలి ఉన్నట్టుండి ఆగిపోయి ఆకాశం తేటపడితే అయిపోయిందని బయటికి రావద్దు, అది తుఫాను కన్ను కావచ్చు, అరగంటో గంటో ఆగి రెండో వైపు నుంచి కొడుద్ది.

పడవలవాళ్ళకి నేను చెప్పేదేముంది గానీ, ఇంజిన్ విప్పి ఇంటికి తెచ్చుకోండి, పడవని మడ అడవి లోపలి కాలవలోకి తోసుకెళ్ళి నాలుగు వైపులా కట్టండి, తాడు మరీ బిగించకండి, నీరు లేస్తే పడవ లేవాలి కదా, బిగిస్తే అక్కడే మునుగుద్ది. మడ చెట్లు కొట్టి చెరువులు తవ్వుకున్నవాళ్ళకి ఈ సలహా పనికిరాదు, పడవ కట్టుకోడానికి చెట్టుండదు. వేటకెళ్ళినవాళ్ళు దొరక్కపోతే కోస్ట్ గార్డ్ 1554, మామూలుగా 112, విపత్తుల సంస్థ 1070. ఇవి ఫోన్లోనే కాదు, గోడమీద బొగ్గుతో రాసిపెట్టండి, ఫోన్ చచ్చిపోతే నంబర్ గుర్తుండదు.

ఫోన్ అంటే గుర్తొచ్చింది. టవర్‌కి డీజిల్ అయిపోతే సిగ్నల్ పోద్ది. మా కుటుంబంలో ఏంచేస్తామంటే దీవి బయట ఉన్న ఒక్క మనిషిని పెట్టుకుంటాం, మాకు విజయవాడలో మా పిన్ని, అందరూ ఆవిడకే ఎస్ఎంఎస్ పెట్టాలి, "బాగున్నాం" అని ఒక్క మాట. అందరూ అందరికీ కాల్స్ చేసుకుంటే బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోద్ది. ఆధార్, పాస్‌బుక్, పడవ లైసెన్సు అన్నీ ఫోటోలు తీసి ఆవిడ ఫోన్‌కి ఇప్పుడే పంపేయండి. వరి వేసినవాళ్ళు ఈ-క్రాప్ (ప్రభుత్వ పంట నమోదు) అయిందో లేదో చూసుకోండి, వల, పడవ, ఇల్లు ఇప్పుడున్న స్థితిలో తేదీతో ఫోటో తీయండి, నష్టం రాసేవాళ్ళు వచ్చినప్పుడు "ముందు ఎలా ఉందో చూపించు" అంటారు.

ఒక్కటి మాత్రం ఏటా వింటా. "లెహర్ అప్పుడు కూడా ఇలాగే హడావుడి చేశారు, ఏమైంది?" అని. నిజమే, 2013 నవంబర్లో లెహర్ అండమాన్ దాటి పెద్ద తుఫానుగా మనమీదకి వస్తుందని ఊళ్ళు ఖాళీ చేయించారు, తీరా మచిలీపట్నం దగ్గరికి వచ్చేసరికి వాయుగుండంగా బలహీనపడింది. ఆరోజు అన్నం పొట్లాలు తిని తిరిగొచ్చాం, అంతే కదా పోయింది. నాకైతే అది మంచి తుఫాను.

తగ్గాక మొదటి పంటుకే పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోవద్దు. ముందు ఇద్దరు మగవాళ్ళు కర్ర పట్టుకుని పోయి తెగిన కరెంటు తీగలు, ఇంట్లో చేరిన పాములు చూసుకోవాలి, మన సీమలో పాములు ఎక్కువ, నీళ్ళొస్తే అవీ మనలాగే మెరక వెతుక్కుంటాయి, బియ్యం డబ్బా వెనక, మడతమంచం కింద. కరిస్తే మంత్రం అనకుండా సరాసరి ఆసుపత్రికి. బావిలో బ్లీచింగ్ వేయించేదాకా నీళ్ళు కాచే తాగండి. మా మామ్మ అయితే ఇంటికి రాగానే బావి దగ్గరికి పోయి వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని ఉప్పు చూస్తుంది, మీరు అలా చూడొద్దు, దాంట్లో ఏం చచ్చి పడి ఉందో.