వ్యాసం నెలల తరబడి ‘సమీక్షలో’నే ఉండిపోతే: విద్యార్థి పరిశోధన పత్రిక సంపాదకవర్గాలకు సమస్య – పరిష్కారం

పత్రిక కదలడం లేదని నన్ను సంప్రదించిన విద్యార్థి సంపాదకవర్గాలు దాదాపుగా అన్నీ మొదట చెప్పే మాట, వ్యాసాన్ని చదివి అభిప్రాయం రాయవలసిన సమీక్షకులు స్పందించడం లేదనే. ఆ మాట కొన్నిసార్లు నిజమే. అయితే అలా చెప్పేవారిలో ఎక్కువమంది, ఆగిపోయిన వ్యాసం ఇప్పుడు ఏ సంపాదకుని పేరు మీద ఉందో, ఆ సంపాదకుడు ఇంకా కళాశాలలో ఉన్నాడో లేదో చూడకుండానే సమీక్షకులకు మూడో జ్ఞాపిక (గుర్తుచేసే మెయిల్) కూడా పంపి ఉంటారు. రెండు నిమిషాలు పట్టే ఈ పరిశీలనను అన్నిటికంటే ముందు చేయమని ప్రతి ఏటా చెబుతూనే ఉన్నాను, ప్రతి ఏటా అది చేయకపోవడం వల్ల రచయితలు నష్టపోవడం చూస్తూనే ఉన్నాను. వ్యాసాన్ని స్వీకరించడం, రచయిత పేరు తొలగించి సమీక్షకు పంపడం, నిర్ణయాన్ని తెలియజేయడం మీకు అలవాటైన పనులేనన్న నమ్మకంతో ఇక్కడ వాటిని వివరించడం లేదు.

సమస్య: సమీక్షకు ఒప్పుకుంటారో లేదో కూడా ఎవరూ చెప్పడం లేదు

ముందుగా మీరు పంపిన మెయిల్‌ను మీరే ఒకసారి చదవండి. ఒకే మెయిల్‌ను పదిమందికి కలిపి పంపి ఉంటే, ప్రతి ఒక్కరూ మిగతావారిలో ఎవరో ఒకరు చూస్తారులే అనుకుని వదిలేయడం సహజం. ఒక వ్యాసానికి ఒక మెయిల్, ఒక మెయిల్‌కు ఒక మనిషి అన్న నియమం పెట్టుకోండి. అందులో వ్యాసం సారాంశం, పుటల సంఖ్య, సమీక్ష ఏ తేదీకి కావాలన్నది స్పష్టంగా ఉండాలి. వీలు కాకపోతే ఆ మాటే ఐదు రోజుల్లో చెబితే చాలునని కూడా రాయండి, ఎందుకంటే కాదనడానికి మొహమాటపడి మౌనంగా ఉండిపోయేవారు మనలో చాలామంది.

క్యాలెండర్ కూడా చూసుకోండి. పరిశోధక విద్యార్థులే మీ సమీక్షకులైతే, సెమిస్టర్ పరీక్షలు నడిచే ఏప్రిల్, మే నెలల్లోను, నెట్ పరీక్ష విడతలు ఉండే జూన్, డిసెంబరు నెలల్లోను వారిని అడగడం వల్ల జ్ఞాపికల సంఖ్య పెరగడం తప్ప ప్రయోజనం ఉండదు.

సమస్య: సమీక్ష వచ్చింది, కాని “బాగుంది, ప్రచురించవచ్చు” అని ఒక్క వాక్యమే ఉంది

తప్పు సమీక్షకునిది కాదు, ప్రశ్నలు లేకుండా వ్యాసాన్ని పంపిన మనది. పరిశోధన ప్రశ్న ఏమిటి, దానికి ఎంచుకున్న పద్ధతి సరిపోతుందా, ఆధారాలు నిర్ధారణను మోస్తున్నాయా, ఏ పూర్వ పరిశోధనను రచయిత చూడలేదు, తప్పనిసరిగా మార్చవలసిన మూడు అంశాలేవి అన్న ఐదు ప్రశ్నలతో ఒక పత్రం జతచేయండి. ఇద్దరు సమీక్షకులు పరస్పర విరుద్ధంగా రాస్తే మూడోవారిని వెతకడం ఓట్ల లెక్కింపు అవుతుంది. సంపాదకుడు వ్యాసాన్ని స్వయంగా చదివి నిర్ణయం తీసుకోవాలి.

సమస్య: వ్యాసం నాలుగైదు నెలలుగా ‘సమీక్షలో ఉంది’ అనే కనిపిస్తోంది

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. దీని అసలు కారణం నన్ను ఒకసారి గట్టిగా దెబ్బతీసింది.

నేను సంపాదకవర్గంలో ఉన్న రోజుల్లో మార్చిలో ఒక వ్యాసం వచ్చింది. ఎం.ఏ. చివరి సంవత్సరంలో ఉన్న సహసంపాదకురాలు దాన్ని ఏప్రిల్‌లో ఇద్దరు సమీక్షకులకు తన కళాశాల మెయిల్ నుంచి పంపి, మా ఉమ్మడి షీట్‌లో ‘సమీక్షకు పంపాం’ అని నమోదు చేసింది. జూన్‌లో ఆమె చదువు పూర్తయి వెళ్లిపోయింది. రచయిత ఆగస్టులో ఒకసారి, అక్టోబరులో మరొకసారి అడిగాడు. రెండుసార్లూ షీట్ చూసి, వ్యాసం సమీక్షలో ఉందని జవాబిచ్చాం. డిసెంబరులో నేను ఒక సమీక్షకునికి, పదవీ విరమణ చేసిన అధ్యాపకునికి, ఫోన్ చేసి ఎప్పటికి పంపగలరని అడిగాను. “బాబూ, నేను జూలైలోనే పంపాను కదా” అన్నారాయన. రెండో సమీక్ష అంతకుముందే, మే నెలాఖరులోనే వచ్చింది. రెండూ ఆమె కళాశాల మెయిల్‌లో తెరవకుండా ఉన్నాయి. పీహెచ్‌డీ ప్రవేశానికి ఆ వ్యాసాన్ని చూపించుకోవాలనుకున్న రచయిత అప్పటికే దాన్ని వెనక్కి తీసుకున్నాడు. ఆయన మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. ఆ విషయం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఈ లోపం ఎందుకు కనబడదో అర్థం చేసుకోవాలి. ఆ మెయిల్ ఖాతాను కళాశాల మూసివేసి ఉంటే సమీక్ష బట్వాడా కాక పంపినవారికే తిరిగి వచ్చేది, కనీసం ఆయనకైనా సంగతి తెలిసేది. ఖాతా పనిచేస్తూనే ఉండి, దాన్ని చూసేవారు లేకపోవడం వల్ల ఎవరికీ ఏ హెచ్చరికా అందలేదు. షీట్‌లోని మాట కూడా అబద్ధం కాదు. అది వ్యాసం ఏ దశలో ఉందో చెప్పింది గాని, ఇప్పుడు ఎవరు ఏమి చేయాలో చెప్పలేదు. ఇక మన జ్ఞాపికలను అందుకున్న సమీక్షకుడు, తాను ఎప్పుడో పంపేశాడు గనుక, అది యంత్రం దానంతట అదే పంపిన మెయిల్ అనుకుని పక్కన పెడతాడు. ఇలా ఎవరి వైపు నుంచి చూసినా అంతా సక్రమంగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

వ్యాసాలను స్వీకరణ నుంచి ప్రచురణ దాకా నడిపే ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం గనుక మాకు ఈ సమస్య లేదని కొందరు చెబుతారు. ఉంది, పైగా అక్కడ మరింత లోతుగా దాక్కుంటుంది. 3వ వెర్షన్ నుంచి చాలా పత్రికల్లో కనిపించే తెరలో ‘మై క్యూ’ అన్న జాబితా మీకు అప్పగించిన వ్యాసాలను మాత్రమే చూపిస్తుంది. ‘అన్‌అసైన్డ్’ అన్నది ఏ సంపాదకునికీ అప్పగించనివాటిని చూపిస్తుంది. వెళ్లిపోయిన సంపాదకుని పేరు మీద ఉన్న వ్యాసం మీది కాదు గనుక మొదటి జాబితాలో ఉండదు, ఒక పేరు ఉంది గనుక రెండో జాబితాలోనూ ఉండదు. సమీక్ష పూర్తయిందన్న సమాచారం కూడా ఆ వ్యాసానికి అప్పగించి ఉన్న సంపాదకునికే వెళుతుంది. నిర్వాహకుని హోదాలో ‘ఆల్ యాక్టివ్’ జాబితా తెరిచి, ఎక్కువ రోజులుగా కదలికలేని వ్యాసాలను, ఏ సంపాదకునికి అప్పగించారన్న వడపోతతో చూస్తేనే అది బయటపడుతుంది. కొత్త వెర్షన్లలో తెర రూపం మారినా, వెతకవలసింది ఈ రెండు అంశాలనే.

గూగుల్ ఫారంతో వ్యాసాలు స్వీకరించేవారికి ఇదే సమస్య మరో రూపంలో వస్తుంది. కొత్త వ్యాసం వచ్చినప్పుడు మెయిల్ రావాలంటే ఆ ఏర్పాటును ఎవరికి వారు తమ ఖాతాలో పెట్టుకోవాలి. పాత సంపాదకుడు ఒక్కడే పెట్టుకుని ఉంటే, అతను వెళ్లాక వచ్చే వ్యాసాల సంగతి ఎవరికీ తెలియదు. ఫారం అతని కళాశాల ఖాతాలో తయారైనదైతే ప్రమాదం ఇంకా పెద్దది, ఎందుకంటే ఆ ఖాతాను తొలగించినప్పుడు, ముందుగా వేరొకరికి బదిలీ చేయని ఫైళ్లు దానితోపాటే పోతాయి. తొలగించిన ఖాతాను కళాశాల నిర్వాహకులు తిరిగి తేగల గడువు 20 రోజులే.

వెంటనే చేయవలసినవి ఇవి. ఇప్పుడు సంపాదకవర్గంలో లేనివారి పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఆ పేర్ల మీద ఉన్న ప్రతి వ్యాసాన్నీ బయటికి తీయండి. ముందు కొత్త సంపాదకుని పేరు చేర్చి, ఆయన ఆ వ్యాసాన్ని తెరిచి పాత ఉత్తరాలన్నీ చూసిన తరువాతే పాత పేరు తీసేయండి. వెళ్లిపోయిన సంపాదకునికి ఫోన్ చేసి, పాత మెయిల్‌లో పత్రిక పేరుతో వెతికి, దొరికినవన్నీ పంపమని కోరండి. మందలించినట్టు మాట్లాడకండి, ఆయన అప్పగించలేదన్నది ఎంత నిజమో మనం అడగలేదన్నదీ అంతే నిజం. సమీక్షకులతో ఫోన్‌లోనే మాట్లాడండి. వారిని “ఎప్పుడు పంపుతారు?” అని అడగవద్దు, “మీరు ఇదివరకే పంపి ఉన్నారా?” అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న మార్చినందువల్ల ఆగిపోయిన వ్యాసాలు ఆ రోజే కదలడం నేను చాలాసార్లు చూశాను. ఆ తరువాత రచయితకు జరిగినదంతా దాచకుండా రాసి, నిర్ణయం ఏ తేదీకి చెబుతారో తెలియజేయండి.

మళ్లీ ఇలా జరగకుండా ఉండాలంటే షీట్‌లో దశతోపాటు మరో రెండు గడులు ఉండాలి. ‘ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది’ అన్నది ఒకటి, ‘చివరి కదలిక ఏ తేదీన’ అన్నది రెండోది. మొదటి గడిలో ‘సంపాదకవర్గం’ అని రాయడానికి వీల్లేదు, ఒక మనిషి పేరే ఉండాలి. 21 రోజులుగా కదలని వ్యాసాలను వారపు సమావేశంలో పైకి చదవాలి. సమీక్షకులతో ఉత్తరప్రత్యుత్తరాలన్నీ పత్రిక పేరు మీద ఉన్న మెయిల్ నుంచే జరగాలి, దాన్ని కనీసం ఇద్దరు తెరవగలగాలి. ఆ మెయిల్‌కు ముడిపెట్టిన ఫోన్ నంబరు ఎవరిదో ఈరోజే చూడండి. మూడేళ్ల కిందట వెళ్లిన సంపాదకుని నంబరు ఉంటే, కొత్త కంప్యూటర్ నుంచి తెరవబోయిన రోజున ఓటీపీ ఆయనకు వెళుతుంది.

బాధ్యతల అప్పగింతను జూన్‌కు వాయిదా వేయకండి. ఎం.ఏ. రెండేళ్ల చదువు గనుక, మొదటి ఏడాది చేరిన విద్యార్థి పని నేర్చుకుని స్వయంగా చేయగలిగే కాలం ఒక్క ఏడాదే. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ప్రతి చివరి సంవత్సరం సంపాదకుని పక్కన ఒక జూనియర్‌ను కూర్చోబెట్టి, ఒక వ్యాసాన్ని స్వీకరణ నుంచి నిర్ణయం దాకా ఇద్దరూ కలిసి నడిపించేలా చూడండి. అలా పక్కన కూర్చుని చూసినది మనసులో నిలిచినట్టుగా, అప్పగింత పత్రం ఎంత వివరంగా రాసినా నిలవదు.

సమస్య: సమీక్షకునికి రచయిత ఎవరో తెలిసిపోయింది

మొదటి పుటలో పేరు తీసేస్తే సరిపోదు. వర్డ్ ఫైల్ లక్షణాల్లోను, పక్కన చేసిన వ్యాఖ్యల్లోను పేరు ఉండిపోతుంది. ఫైల్ మెనూలోని ‘ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్’తో వాటిని తొలగించండి. కృతజ్ఞతలను, “నా గత వ్యాసంలో” వంటి పాదసూచికలను మాత్రం చదివి తీయవలసిందే.

సమస్య: తెలుగు వ్యాసానికి పోలిక శాతం సున్నా వచ్చింది

కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ చూపిన ఈ సున్నాకు సంతోషించే ముందు అక్షరాలను పరీక్షించండి. డీటీపీ కేంద్రంలో అను ఫాంట్లతో కంపోజ్ చేసిన వ్యాసం కంటికి తెలుగుగా కనబడుతుంది గాని, అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే యూనికోడ్ కాదు గనుక సాఫ్ట్‌వేర్‌కు అది అర్థంలేని రోమన్ అక్షరాల కుప్ప. అటువంటి కుప్ప దేనితోనూ పోలదు. ఒక వాక్యాన్ని ఎంచుకుని ఫాంట్‌ను యూనికోడ్ ఫాంట్ అయిన గౌతమికి మార్చి చూడండి. తెలుగు చెదిరి ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తే, రచయితను యూనికోడ్ ప్రతి అడగండి. మార్పిడి సాధనం వాడితే వత్తులు, ముఖ్యంగా రకారం ఉన్నచోట్ల, తప్పుతాయి గనుక ప్రూఫు తప్పదు. 2018 నాటి యూజీసీ నిబంధనలు పది శాతం దాకా పోలికను స్వల్పమైనదిగా పరిగణిస్తాయి గాని, శాతాన్ని మాత్రమే చూసి నిర్ణయించకండి, పోలిన వాక్యాలు ఏవో చదవండి.

సమస్య: సంచిక ప్రతిసారీ ఆలస్యమవుతోంది

మీరు ఎనిమిదో వ్యాసం కోసం ఎదురుచూస్తున్నారు. నాలుగు మంచి వ్యాసాలతో చెప్పిన తేదీకి సంచికను వెలువరించండి, మిగిలినవి తరువాతి సంచికకు వెళ్తాయి.

ఇక మెయిల్ స్పామ్‌లో పడటం, సర్వర్ ఆగిపోవడం, ఒకే వ్యాసాన్ని రచయిత రెండు పత్రికలకు పంపడం వంటివి జరుగుతాయి గాని అరుదు. మొదటిదానికి ఒక ఫోన్ చాలు, రెండోదానికి నెలకోసారి షీట్‌ను, వ్యాసాలను వేరేచోట కాపీ చేసి పెట్టుకుంటే చాలు, మూడోదానికి వ్యాసం పంపేటప్పుడే రచయిత చేత హామీ తీసుకుంటే చాలు.