పెంగ్విన్‌కున్ వార్స్ – మూడో పాఠం: మన వైపు ఖాళీ చేయడం

పెంగ్విన్‌కున్ వార్స్ అనే పాత వీడియో గేమ్‌లో బంతికి గురి చూడడం మీద రాసిన పోయిన పాఠం చదివాక చాలామంది దాదాపు ఒకే మాట రాశారు: "గురి బాగా కుదిరింది, రౌండుకి నాలుగైదు సార్లు పాండాని పడేస్తున్నాం, అయినా ఓడిపోతున్నాం." అందుకే ఈసారికి అనుకున్న పాఠం పక్కన పెట్టేశాను. ముందు ఇది సరిచేసుకోవాలి. మీ గురిలో తప్పేం లేదు. గురి నేర్పి, అది దేనికో చెప్పకుండా వదిలేసింది నేనే.

అటూ ఇటూ కదలడం, బంతి అందుకోవడం మీకు వచ్చేశాయి, మళ్లీ చెప్పను. లెక్క మాత్రం ఇంకోసారి చూద్దాం. బల్లకి ఈ కొసన మనం, అంటే పెంగ్విన్. ఆ కొసన ప్రత్యర్థి, ఇక్కడైతే పాండా. చెరో ఐదు బంతులు, మొత్తం పది. టైం 60 సెకన్లు. ఈలోపు ఎప్పుడైనా పదికి పది బంతులూ అవతలి వైపు చేరితే అక్కడికక్కడే మనం గెలిచినట్టు. లేదంటే టైం అయ్యేసరికి ఎవరి వైపు తక్కువ బంతులుంటే రౌండు వాళ్లది. ఎవరు ఎన్నిసార్లు పడ్డారన్నది ఈ లెక్కలోకి రానే రాదు.

నన్ను బాగా బాధపెట్టే తప్పు ఇక్కడే జరుగుతోంది. మనలో చాలామంది ఏడుపెంకులాట ఆడి పెరిగినవాళ్లం. అందులో బంతి ఒంటికి తగిలితే ఔట్, ఇంక అతని పని అయిపోయినట్టే. ఆ అలవాటు చేతుల్లో ఉండిపోయింది. ఈ ఆటలో బంతి తగిలినవాళ్లు కాసేపు స్పృహ తప్పి పడి, మళ్లీ లేస్తారు. అంటే కొట్టడం వల్ల మనకి దక్కేది కొన్ని సెకన్ల ఖాళీ టైం, అంతే. ఆ కొన్ని సెకన్లలో ఎదుటి నుంచి బంతి రాదు. మన వైపున్న బంతులు ఎంత గబగబా దొర్లించేస్తే అంత లాభం.

మీరేం చేస్తున్నారు? పాండా పడగానే ఆగి చూస్తున్నారు. లేదా పడ్డ పాండా ఎదురుగా వెళ్లి నిలబడి, లేవగానే మళ్లీ కొడదామని బంతి చేతిలో పట్టుకుని కాచుకుంటున్నారు. చేతిలో ఉన్న బంతి కూడా మన వైపు బంతే! దయచేసి ఈ పని మానేయండి. ప్రత్యర్థి పడ్డాక గురి అక్కర్లేదు. ఏ బంతి దగ్గరగా ఉంటే అది అందుకుని, ఉన్నచోటు నుంచే నేరుగా వదిలేయాలి.

నిన్న రాత్రి ఆడిన రౌండు చెబుతాను. నా వైపు మూడు బంతులు, పాండా వైపు ఏడు. మొదటిదాన్ని గురి చూసి వేశాను, తగిలింది. రెండోది నా కాళ్ల దగ్గరే ఉంది, వేసేశాను. మూడోది కుడి మూలన ఉంది. అక్కడికి పరిగెత్తి వేసేసరికి పాండా ఇంకా లేవలేదు. రౌండు ముగిసింది. అదే నా వైపు ఎనిమిది ఉన్నప్పుడు కొట్టి ఉంటే, అది లేచేలోగా రెండు మూడు మాత్రమే పంపగలిగేవాణ్ణి. ఆట కాస్త తేలికయ్యేది కానీ ముగిసేది కాదు. అందుకే మన వైపు రెండో మూడో మిగిలినప్పుడు తగిలిన దెబ్బకే విలువ ఎక్కువ. నేనైతే ఐదు దాటి ఉన్నప్పుడు గురి చూడనే చూడను. ఒకటి తర్వాత ఒకటి దొర్లిస్తూనే ఉంటాను. మీరూ అలాగే ఆడాలని లేదు, కానీ నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఇదే.

ఇంకో చిన్న సులువు. అవతలి వైపు బంతులు లెక్కపెట్టకండి. మొత్తం పదే కాబట్టి మన వైపు నాలుగుంటే అటు ఆరు. కళ్లు మన వైపు చూసుకుంటే చాలు.

1985లో జపాన్‌లో యూపీఎల్ కంపెనీ దీన్ని నాణెం వేసి ఆడే ఆర్కేడ్ ఆటగా చేసింది, ఆ ఏడాదే ఫామికామ్‌కీ (నింటెండో వాళ్ల ఇంట్లో ఆడే గేమ్ మెషిన్) వచ్చింది. పేరులోని 'కున్' జపాన్‌లో మగపిల్లల పేరు చివర చేర్చే మాట. పెంగ్విన్ బాబు అనుకోవచ్చు. ఆ ముద్దు మొహాలు చూసి ఇది తీరిగ్గా ఆడే ఆట అనుకోవద్దు. 60 సెకన్లలో ఒక్క క్షణం కూడా ఊరికే నిలబడే తీరిక ఉండదు.

సాధన: ఇరవై రౌండ్లు ఆడండి. మొదటి పది రౌండ్లలో ప్రత్యర్థి మీదికి గురి చూసి ఒక్క బంతి కూడా వేయకూడదు. ఖాళీ ఉన్న వైపే వదలాలి, తనకై తాను వచ్చి తగిలించుకుంటే సరే. టెన్షన్‌లో చెయ్యి పాత అలవాటుకి పోతే ఆ రౌండు లెక్కలోకి రాదు, మళ్లీ ఆడాలి. తర్వాతి పదిలో మన వైపు మూడు లేదా అంతకన్నా తక్కువ ఉన్నప్పుడే గురి చూడాలి. టైం చివర పది సెకన్లు ఉందనగా మన వైపు ఎన్ని బంతులున్నాయో పైకి అనండి, ఆట ఆపకుండా. ఇరవై రౌండ్ల అంకెలూ కాగితం మీద రాసి పెట్టుకోండి. వచ్చే పాఠం ఆ కాగితంతోనే మొదలుపెడతాం.