ఫైబర్ కోత మోడల్‌లో జె ఇంటిగ్రల్ నిలకడగా రాకపోతే (నా అనుభవం)

125 మైక్రాన్ల సిలికా ఫైబర్‌ను (సన్నటి గాజు పోగు) లాగి పట్టి, గీత పెట్టిన చోట కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో వేడిచేస్తే పగులు ఎలా పెరుగుతుందో మోడల్ చేస్తున్నాను. లాగుడు ఒక్కటే ఉన్నప్పుడు జె ఇంటిగ్రల్ (పగులు పెరగడానికి అందే శక్తి కొలత) ఏ కాంటూర్ (పగులు మొన చుట్టూ గీసే దారి) మీద చూసినా ఒకటే వచ్చేది. లేజర్ వేడి కలపగానే కాంటూర్ కాంటూర్‌కీ విలువ మారిపోయింది. మెష్ (మోడల్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టే వల) ఎంత సన్నగా చేసినా తేడా పోలేదు.

అసలు సంగతి మెష్‌లో లేదు. మామూలు జె సూత్రంలో ఉష్ణోగ్రత తేడాల లెక్కే ఉండదు. 10.6 మైక్రాన్ల కాంతిని సిలికా పైపొరలోనే పీల్చేసుకుంటుంది కాబట్టి చిన్న దూరంలోనే ఉష్ణోగ్రత బాగా మారుతుంది. ఆ మార్పు కోసం డొమైన్ ఇంటిగ్రల్‌లో (జె ను మొన చుట్టూ ఉన్న ప్రాంతం మీద లెక్కించే రూపం) ఉష్ణ వికృతి (వేడికి వచ్చే సాగుదల) పదం విడిగా చేర్చాలి. అది చేర్చి, పగులు మొన చుట్టూ క్వార్టర్ పాయింట్ ఎలిమెంట్లు (మధ్య బిందువును మొన వైపు పావు దూరానికి జరిపిన మెష్ ముక్కలు) పెట్టాక, మొనకు ఆనుకున్న కాంటూర్ తప్ప మిగతావన్నీ కలిశాయి. ఎంత హాయిగా అనిపించిందో!

ఇంకొకటి చూసుకోండి. సిలికా వ్యాకోచ గుణకం డిగ్రీకి సుమారు 0.55 పీపీఎం (పది లక్షల్లో 0.55 వంతు) మాత్రమే. వెయ్యి డిగ్రీల తేడాకు కూడా ఒక దిశలో ఉష్ణ ప్రతిబలం దాదాపు 40 మెగాపాస్కల్సే, పైగా వేడెక్కుతున్న పైపొరలో అది సంపీడనం (పగులును మూసే నొక్కుడు). వేడి మొదలైన క్షణంలోనే, లాగుడు లేకుండా మీ పగులు తెరుచుకుంటోందంటే ముందు సరిహద్దు షరతులు (మోడల్ అంచుల్లో పెట్టిన బిగింపులు, బలాలు) సరిచూడండి.