స్వీయచిత్రాల సాధన: ముఖాన్ని చివరికి ఉంచుకోండి

ఫోను ముందు కెమెరా తెరవగానే మనకు తెలియకుండానే గడ్డం కాస్త దించి, నచ్చిన వైపు తిరిగి, ఇదివరకు ఎన్నోసార్లు పెట్టిన ముఖాన్నే మళ్లీ పెడతాం. అది ఇతరులు చూడడానికి ఏనాడో సిద్ధం చేసుకున్న ముఖం కాబట్టి దాన్ని ఎన్నిసార్లు ఫొటో తీసినా మన గురించి మనకు కొత్తగా తెలిసేది దాదాపు ఏమీ ఉండదు. అందువల్ల స్వీయచిత్రాల ద్వారా తమను తాము అర్థం చేసుకోవాలనుకునేవారు ముఖాన్ని చివరికి వాయిదా వేసి, మిగిలినవాటితో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం.

కెమెరా తీసే ముందు ఒక ప్రశ్న రాసుకోవాలి. ‘నేనెవరిని?’ అన్నది ఫొటో మోయలేని ప్రశ్న. దేహానికో, వస్తువుకో, చోటుకో ముడిపడిన చిన్న ప్రశ్న కావాలి. ఎవరూ చూడనప్పుడు నేను ఎలా కూర్చుంటాను? పనిచేసే చోట నిలబడినట్టే ఇంట్లోనూ నిలబడతానా? అమ్మ పోలికలు నా చేతుల్లో ఎక్కడున్నాయి? ఇలాంటి ప్రశ్నలకు కెమెరా ఏదో ఒక జవాబు ఇవ్వగలదు. బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ జో స్పెన్స్ 1982లో రొమ్ము క్యాన్సర్ బయటపడినప్పుడు, శస్త్రచికిత్సకు ముందు తన రొమ్ము మీదే ‘ఇది జో స్పెన్స్ సొత్తేనా?’ అనే అర్థం వచ్చేలా రాసుకుని ఫొటో దిగారు. రోగిగా మారిన తర్వాత తన దేహం మీద తనకున్న హక్కు ఎంత అన్న సందేహాన్ని ఆ ఒక్క చిత్రం అడిగినంత సూటిగా పేజీల వ్యాసం కూడా అడగలేదు.

మొదటి చిత్రాలు చేతులవి కావచ్చు. గదిలో దీపాలన్నీ ఆర్పేసి, పగటి వెలుతురు ఒక పక్క నుంచి మాత్రమే పడేలా కిటికీ దగ్గర బల్ల వేసుకుని, దాని మీద చేతులు ఆనించండి. దీపం, కిటికీ రెండూ కలిస్తే చర్మం రంగు రెండు రకాలుగా పడుతుంది; పైగా పక్క వెలుతురులో కనిపించే గీతలు, మచ్చలు ఎదురు వెలుతురులో మాయమవుతాయి. ఇప్పుడు దగ్గరగా చూడండి. ఉంగరం తీసేసిన చోట మిగిలిన లేత చార, కలం ఒత్తుకుని మధ్యవేలి పక్కన గట్టిపడిన చర్మం, కొరికిన గోరు, ఎప్పటిదో గుర్తులేని కాలిన మచ్చ. వీటిలో ఒక్కటీ మనం ఫొటో కోసం తయారు చేసుకున్నది కాదు. ఫొటోగ్రాఫర్ జాన్ కోప్లాన్స్ అరవై ఏళ్లు దాటాక, 1984 నుంచి, వయసు మళ్లుతున్న తన దేహాన్ని తల కనిపించకుండా నలుపు తెలుపుల్లో తీస్తూ పోయారు. ముఖం లేకపోవడం వల్ల ఆ చిత్రాల్లోని మనిషి ఒకరికే పరిమితం కాడు, అయినా వీపు మీది వెంట్రుకలు, మడతపడిన చర్మం ఆయనవే.

తర్వాత నీడలు, ప్రతిబింబాల వైపు వెళ్లవచ్చు. దాదిగా పనిచేస్తూ బతుకంతా ఫొటోలు తీసి, దాదాపు ఎవరికీ చూపించని వివియన్ మేయర్ తనను తాను దుకాణాల అద్దాల్లో, దారిపక్క దర్పణాల్లో, నేల మీది నీడల్లో తీసుకున్నారు. ఎక్కడ నిలబడి లోకాన్ని చూస్తున్నామో ఇలాంటి చిత్రాలు చెబుతాయి, మనం ఎలా ఉంటామన్న సంగతి వాటిలో రెండోది. ఉదయమో సాయంత్రమో సూర్యుడు వాలి ఉన్నప్పుడు వీపు ఎండకు పెట్టి నిలబడితే నీడ పొడవుగా ముందుకు పడుతుంది. అద్దంలో తీసేటప్పుడు ఒక చిక్కు ఉంది: ఆటోఫోకస్ తరచు అద్దం అంచునో, దాని మీది మరకనో పట్టుకుని ప్రతిబింబాన్ని మసకగా వదిలేస్తుంది. అద్దానికి కెమెరా మీటరు దూరంలో ఉంటే మీ ప్రతిబింబం దానికి రెండు మీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్క, కాబట్టి ఫోకస్ అక్కడికి పెట్టాలి.

ఒంటరిగా తీసుకునే మిగతా చిత్రాలకు ట్రైపాడ్, సెల్ఫ్ టైమర్ చాలు. ట్రైపాడ్ లేకపోతే పుస్తకాల దొంతర కూడా పనికొస్తుంది. మీరు నిలబడబోయే చోట ఒక కుర్చీనో కర్రనో నిలబెట్టి దాని మీద ఫోకస్ చేసి, కెమెరా దాన్ని మళ్లీ మార్చకుండా ఫోకస్‌ను మాన్యువల్‌కు మార్చి, ఆ తర్వాత దాన్ని తీసేసి అక్కడికి వెళ్లండి. ఫోనులో అయితే తెర మీద ఆ చోట కాసేపు వేలు అదిమి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు రెండూ చాలావాటిలో స్థిరపడతాయి. మొదట్లో ఎపర్చర్‌ను, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్ 5.6 కంటే పెద్దగా తెరవకండి (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది), ఎందుకంటే ఎఫ్ 2 దగ్గర అంగుళం ముందుకు వంగినా కళ్లు ఫోకస్ తప్పుతాయి.

దూరం సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. చేయి చాచి తీసిన ఫొటోలో ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టుగా కనిపించడానికి కారణం మీ ముక్కు కాదు. కెమెరా అంత దగ్గర ఉన్నప్పుడు ముక్కుకూ చెవులకూ మధ్యనున్న కొద్దిపాటి తేడా మొత్తం దూరంలో పెద్ద వాటా అయిపోతుంది. ఒకటిన్నర, రెండు మీటర్ల దూరం నుంచి వెనుక కెమెరాతో తీస్తే ఆ వంకర దాదాపు పోతుంది. ఇంకొక సంగతి, అలా తీసిన ఫొటోలో మీరు మీకే పరాయిగా కనిపించవచ్చు. మనకు అలవాటైనది అద్దంలోని తిరగబడిన ముఖం. 1977లో వెలువడిన ఒక మనస్తత్వశాస్త్ర అధ్యయనంలో పాల్గొన్నవారిలో ఎక్కువమంది తమ అద్దపు రూపాన్ని ఇష్టపడితే, వారి స్నేహితులు అసలు రూపాన్ని ఇష్టపడ్డారు. కాబట్టి ‘నేను ఇలా ఉండను’ అనిపించిన ఫొటోను వెంటనే చెరిపేయకండి. లోకానికి తెలిసిన మీరు అందులోనే ఉన్నారు.

వేషం కట్టడం ఈ సాధనలో ముఖ్యమైన మజిలీ. అది అబద్ధమని కొందరు సంకోచిస్తారు గాని, స్వీయచిత్రం మొదటినుంచీ అబద్ధమాడుతూనే ఉంది. ఫొటోగ్రఫీని కనిపెట్టినవారిలో తనకు దక్కాల్సిన గుర్తింపు మరో ఆవిష్కర్త డగేర్‌కు పోయిందని నొచ్చుకున్న ఇప్పొలీట్ బయార్, 1840లో తనను నీట మునిగి చనిపోయిన వ్యక్తిగా చిత్రించుకున్నాడు. అందులోని శవం కల్పితం, నొప్పి మాత్రం నిజం. ఫొటోగ్రాఫర్ శామ్యూల్ ఫోసో పదమూడేళ్ల వయసులో, 1975లో, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ రాజధాని బాంగీలో స్టూడియో నడుపుతూ రోజు చివర మిగిలిన ఫిల్ముతో రకరకాల దుస్తుల్లో తన ఫొటోలు తీసుకున్నాడు. మొదట అవి దూరాన ఉన్న అమ్మమ్మకు పంపడానికి తీసినవి. రకరకాల పాత్రల వేషాల్లో తన ఫొటోలు తానే తీసుకునే అమెరికన్ కళాకారిణి సిండీ షెర్మన్ మరో కొస: ఆమె చిత్రాల్లో ఉన్నది ఆమే, అయినా అవి స్వీయచిత్రాలు కావని ఆమే అంటారు.

మీరు రెండు పాత్రలు ఎంచుకోండి. ఒకటి రోజూ నిజంగా పోషించేది, రెండోది మీకు కావాలనిపించినా ఎవరో వద్దన్నది. అదే గది, అదే వెలుతురు, అదే దూరం ఉంచి, బట్టలూ నిలబడే తీరూ మాత్రమే మార్చండి. అన్నీ ఒకేసారి మారిస్తే రెండింటి మధ్య తేడా ఎక్కడ పుట్టిందో తెలియదు. నా అంచనాలో ఎక్కువమందికి తేడా బట్టల్లో కంటే భుజాల్లో కనిపిస్తుంది.

ఇక ముఖం. నిర్ణీత వ్యవధికోసారి దానంతటదే ఫొటో తీసే ఇంటర్వల్ టైమర్‌ను 5 సెకన్లకు ఒక ఫొటో చొప్పున పది నిమిషాలకు పెడితే 120 చిత్రాలు వస్తాయి. అన్నిసార్లు సిద్ధం చేసుకున్న ముఖాన్ని ఎవరూ నిలబెట్టలేరు. కాసేపటికి విసుగు వస్తుంది, చూపు ఎటో పోతుంది, దవడ బిగువు సడలుతుంది. మీకు కావలసినవి అక్కడి నుంచే మొదలవుతాయి. 1839లో ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కొర్నీలియస్ తన ఫొటో తాను తీసుకున్నప్పుడు లెన్సు మూత తీసి, ఎదురుగా వెళ్లి కదలకుండా చాలాసేపు ఉండాల్సి వచ్చింది. అందుకే కాబోలు, ఆ చిత్రంలో జుట్టు చెదిరి, చేతులు కట్టుకుని, ఫ్రేములో ఒక పక్కగా ఉన్న ఆ యువకుడి ముఖంలో పోజు తక్కువ.

తీసిన రోజే ఎంపిక చేయకండి, ఆ రోజు అందంగా ఉన్నవే చేతికొస్తాయి. వారం గడిచాక చిన్న ప్రింట్లు వేయించి నేల మీద పరిచి, వేటి మీద చూపు ఆగుతుందో, వేటి నుంచి తప్పించుకుంటుందో గమనించండి. చూడడం మరీ బాధగా ఉంటే ఆపేయవచ్చు, ఎవరికీ చూపాల్సిన పనీ లేదు. ఎంచుకున్న ప్రతి ప్రింటు వెనుక తేదీ, అప్పుడు రాసుకున్న ప్రశ్న రాసిపెట్టండి. ఏ ప్రశ్నకూ చెందక, అలాగని పారేయడానికి మనసొప్పక మిగిలినవాటిని వేరే కవరులో దాచండి. తర్వాతి ప్రశ్న తరచు వాటిలోంచే వస్తుంది.